అన్నవిక్రయము పాపమా?

గడచిన వేసవిలో మా కల్లూరున నొక పాఠశాల వరండాయందు చిన్న సభ జరిగినది. కూడినవారు నలువది మందికి మించరు. మా వీథులలోని పొదుపు సంఘములకు చెందిన పదునొకరు స్త్రీలు, తమ చేతులతో వండి న్యాయమైన వెలకు అమ్మునట్టి భోజనశాల నొకదానిని నెలకొల్పదలచి, కుటుంబమునకు ఐదువందల రూపాయల వంతున వాటాధన మిండని పెద్దల నడుగవచ్చిరి. జొన్నరొట్టె, కొర్రన్నము, రాగిసంగటి, పప్పు, గోంగూర, వేరుసెనగ పొడి వారి వంటకములు. హంద్రి కీవల కూలినాలి చేసికొనువారు, హంద్రి కావల కర్నూలు పెద్దాసుపత్రికి రోగుల వెంట వచ్చి దినములకొలది పడియుండు పల్లెవారు, ఒంటరి వృద్ధులు, వండుకొన తీరికలేని చిరుద్యోగులు వారి కొనుగోలుదారులు. గింజలు చుట్టుపట్ల మెట్టరైతుల యొద్ద కళ్లములోనే కొనవలెననియు, మిగులు వచ్చినచో వండినవారికిని, వాటాదారులకును, సంఘనిధికిని పంచవలెననియు వారి యాలోచన.

సభలో ధర్మాత్ముడని పేరొందిన యొక పెద్దమనిషి లేచి యిట్లనెను. “అమ్మా, అన్నము నమ్ముకొనుట మహాపాపము. మీకు పుణ్యము కావలెనన్న అన్నదానము చేయుడు. పదివేలు నేనే యిచ్చెదను.” సభ చప్పట్లు కొట్టినది. స్త్రీలు తలవంచుకొని కూర్చుండిరి.

ఆయన మాట తప్పలేదు. వారము తిరుగకమునుపే మనుమని పుట్టినదినమున గుడి ముందర అన్నదానము జరిగినది. తాతమనుమల పటములతో పెద్ద ఫ్లెక్సీ వెలసినది. సగము తిని విడిచిన విస్తళ్లు సాయంకాలము వరకు వీథిలో గాలికెగిరినవి. ఆ దినమున కూలికి వండినవారు ఎవరనుకొన్నారు? సభకు వచ్చిన ఆ స్త్రీలలోనివారే. వారికి ఐదువందలు వాటాగా నిచ్చుటకు ఆయనకు పాపభీతి అడ్డువచ్చినది. పదివేలు ఒక్క పూటలో ఆకులపాలు చేయుటకు ఏ భీతియు అడ్డురాలేదు.

ఆ సాయంకాలము వారిలో నొకామె నన్ను దారిలో నిలిపి అడిగిన మాట నేను మరువలేదు. “ఏం సార్, దానం చేసేకి మా కాడ ఏముంది? అమ్ముకోనీకపోతే మేం ఎప్పుడూ పెట్టించుకునే వరసలోనే నిలబడల్లనా?” ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకే యీ వ్యాసము వ్రాయుచున్నాను.

ముందుగా శాస్త్రము మాట. నేను సంస్కృతము కొంత చదివినవాడను గాన ఈ యాక్షేపణమును తప్పించుకొని పోజాలను. కలియుగమున జనులు అన్నము నమ్ముకొందురని మన యితిహాసములలో నొక నింద యున్నమాట నిజమే. మనుస్మృతి పదవ యధ్యాయమున అమ్మరాని వస్తువుల పట్టికలో వండిన యన్నము చేరియున్నదనుటయు నిజమే. కాని యా పట్టిక ఎవరికొరకు వ్రాయబడినది? ఆపత్కాలమున వైశ్యవృత్తి నవలంబించిన బ్రాహ్మణుని కొరకు. అది మా స్త్రీలకు వర్తింపదు. పోనీ, అందఱకును వర్తించుననియే యనుకొందము. అప్పుడా పట్టికను తుదివరకు చదువవలయును. అన్నముతోబాటు అందులో ఉప్పున్నది, పాలున్నవి, పెరుగున్నది, నేయి యున్నది, నూనెయు నున్నది. మా పెద్దమనిషిగారి మేడలు రెండును వేరుసెనగ నూనె వ్యాపారమున లేచినవే! పట్టికలో తనకు గిట్టని మాటను మాత్రమే యేరి, దానిని పేదరాలిపై విసరుట శాస్త్రభక్తి యనిపించుకొనదు.

గింజ నమ్మవచ్చును, పిండి నమ్మవచ్చును, ఆ పిండిని నీటితో తడిపి పెనముమీద కాల్చి అమ్మినచో పాపము వచ్చునా? కరవు కాలమున గాదెలు మూసి వెల పెరుగువరకు గింజలను దాచినవానికి వర్తకుడని పేరు. తెల్లవారుజామున లేచి పొగలో కన్నులు నలుపుకొనుచు రొట్టె కాల్చి పది రూపాయల కమ్మినదానికి పాపాత్మురాలని పేరు. ఆకలిని దోచుకొనుట పాపమని పూర్వులు చెప్పియుందురు. శ్రమకు వెల యడుగుట పాపమని వారు చెప్పినచో, ఆ మాట నేడు మనకు శిరోధార్యము కాదు. అన్నమును నిందింపవలదనియు, దానిని సమృద్ధిగా నుత్పత్తి చేయవలెననియు బోధించిన తైత్తిరీయమే నాకీ విషయమున చాలిన ప్రమాణము.

అన్నవిక్రయము పాశ్చాత్యుల వలన వచ్చిన దురాచారమని చెప్పువారును కలరు. పూటకూడు, పూటకూళ్లు అనునవి అచ్చమైన తెలుగుమాటలు. కాకతీయుల ఓరుగల్లును వర్ణించిన క్రీడాభిరామమున, లక్ష్మణవజ్ఝల యింట ఒక రూకకు కమ్మని భోజనము దొరకిన ముచ్చట యున్నది. అనగా దాదాపు ఏడు శతాబ్దముల క్రిందటనే మన నగరములలో వెలకు కూడు పెట్టు ఇండ్లుండెను, వానికి మంచిపేరు నుండెను. ఆ పేరు చెడినది తరువాతి కాలమున. దిక్కులేని వితంతువు తన పొట్ట పోసికొనుటకు నలుగురికి వండిపెట్టిన, ఆమె వంట తినిన నోటితోనే ఆమెను నిందించుట మనవారికి వినోదమైనది. గురజాడవారి కన్యాశుల్కము నాటకమున పూటకూళ్లమ్మకు ఊరు పేరైన పెట్టలేదు. సంతలో సామాను తెచ్చెదనని ఆమె యొద్ద ఇరువది రూపాయలు పట్టుకొనిపోయి వేరొక చోట వెచ్చించిన గిరీశము మాత్రము ఇంగ్లీషు చదివిన పెద్దమనిషి! ఈ గిరీశముతో నాకు ముందు మరల పనియున్నది. పాఠకులు జ్ఞాపక ముంచుకొందురుగాక.

ఇక దానము మాట. దానమును నేను ద్వేషించువాడను కాను. మా సీమలో పుట్టి ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిగారి పేరు విని చేతులు జోడింపనివా డుండడు. 1866 కరవున తన గాదెలు తెరచి, వచ్చినవారి కెల్ల కూడుపెట్టి ప్రాణములు నిలిపిన మహాత్ముడాయన. విక్టోరియా రాణి ప్రభుత్వము బంగారు పతకమిచ్చి గౌరవించినది. జానపదులు అంతకంటె విలువైన పాటలిచ్చి గౌరవించిరి. కాని పదియేండ్లకే ధాత కరవు వచ్చినది. 1871, 1881 సంవత్సరముల జనాభా లెక్కల నడుమ కర్నూలు జిల్లా జనసంఖ్యలో సుమారు నాలుగవ వంతు తగ్గిపోయినది. ఒక దాత ఎంత గొప్పవాడైనను, ఒక సీమ యాకలిని ఎంతకాలము మోయగలడు? మంటలార్పుటకు దాత కావలయును. ప్రతిదినము పొయ్యి వెలుగుటకు మఱియొక యేర్పాటు కావలయును.

పరుల దయపై బ్రతుకువాని కూడు పరుల కలముతో తగ్గిపోవునన్న సత్యమును ఆ కరవే చూపినది. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ దొర, కరవుపని చేయు మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యమును ఒక అణాయు చాలునని నిర్ణయించెను. ప్రాణము నిలుచుట కది చాలదని మద్రాసు శానిటరీ కమీషనరు కార్నిష్ దొర వాదింపవలసి వచ్చినది. వాదించిన వారిద్దఱును దొరలే. పలుగు పట్టి రాళ్లు కొట్టినవాని కందులో మాటలేదు. తన కూటిని పరులు కొలుచునపుడు కుంచము పరుల చేతిలోనే యుండును.

ప్రభుత్వమే పెట్టవచ్చును గదా యందురా? పెట్టవలసినదే. 1952లో సీమ కరవునకు సైన్యము వచ్చి గంజికేంద్రములు నడపినది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చి, ఎన్నో యిండ్ల కడుపుమంట నార్పినది. ఆ మేలును మఱచుట కృతఘ్నత. అయినను మెట్టసీమ కంచములోనుండి జొన్నయు కొర్రయు జారిపోవుటకు ఆ బియ్యమును ఒక కారణమైనదని చెప్పక తప్పదు. కొనువాడు లేక రైతు వానిని విత్తుట మానెను. ఇటీవలి సంగతి చూడుడు. అన్న క్యాంటీనులు 2018లో తెరువబడినవి. ఐదు రూపాయలకు పూటభోజనము దొరకుచుండెను. 2019లో ప్రభుత్వము మారగా మూయబడినవి. 2024లో ప్రభుత్వము మరల మారిన పిమ్మట ఆగస్టు మాసమున తిరిగి తెరువబడినవి. తెరచినది మంచిపనియే. కాని మన యాకలి ఎన్నికల పంచాంగము చూచుకొని వచ్చునది కాదు. పాత్రలును, పొయ్యియు, లెక్కలపుస్తకమును తమవైనవారు ఊరిలో కొందఱుండవలయును.

అట్టి వారెక్కడ నున్నారని యడుగుదురా? దూరము పోనక్కరలేదు. జహీరాబాదు ప్రాంతమున పస్తాపూరు కేంద్రముగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 మొదలు పనిచేయుచున్నది. అచ్చటి గ్రామసంఘముల స్త్రీలలో పెక్కురు దళితులు, చదువురానివారు. 1990 దశాబ్దమున వారొక సాహసము చేసిరి. బీడుపడిన పొలములను సాగులోనికి తెచ్చుటకు రైతులకు పెట్టుబడి అప్పిచ్చి, దానిని రొక్కముగా గాక జొన్నలుగా తిరిగి పుచ్చుకొనిరి. ఆ జొన్నలను ఊరిలోనే నిలువచేసి, బీదవారికి తక్కువ వెలకు పంచిరి. ఎవరు బీదలో నిర్ణయించినది ఆఫీసు గుమాస్తా కాదు. ఊరివారే నేలమీద రంగులతో ఊరి పటము గీచి, అందఱి యెదుట ఇల్లిల్లు చెప్పుకొని తేల్చిరి. సర్కారు చౌకదుకాణము బియ్యమునే యిచ్చుచుండగా, వారి దుకాణము వారి నేలలో పండిన గింజ నిచ్చినది. 2019లో ఆ స్త్రీల సంఘములకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ యిచ్చు ఈక్వేటర్ బహుమానము లభించినది.

మన సీమలోనే చెన్నేకొత్తపల్లి కడ టింబక్టు కలెక్టివ్ అను సంస్థ 1990లో పుట్టినది. దాని యండన మెట్టరైతులు 2008లో ధరణి యను సహకారసంఘమును నెలకొల్పుకొనిరి. కొర్రలు, సామలు, వేరుసెనగ మొదలగు తమ పంటను తామే సేకరించి, శుభ్రపరచి, మూటగట్టి అమ్ముకొనుచున్నారు. మనకంటె వానలు తక్కువైన నేల యది. చేయలేమని చెప్పుటకు మనకు సాకు మిగులలేదు.

మఱియొక యుదాహరణము బొంబాయినుండి. 1959 మార్చిలో ఏడుగురు స్త్రీలు ఎనుబది రూపాయలు అప్పుచేసి ఒక మేడపై అప్పడములు చేయ మొదలిడిరి. ఆ మొదటి దినమున నాలుగు పొట్లములు తయారైనవి. నేటి లిజ్జత్ పాపడ్ సంస్థ యదియే. నష్టము వచ్చినను ఎవరియొద్దను విరాళము పుచ్చుకొనరాదని వారు ఆరంభముననే నియమము చేసికొనిరి. అప్పు పుచ్చుకొనిరి, తీర్చిరి. దానము మాత్రము పుచ్చుకొనలేదు. ఈ భేదమే నా వాదమంతటికిని ప్రాణము. వెల చెల్లించి తినువాడు తలయెత్తి “ఉప్పు తక్కువైనది” అనగలడు. ఊరక తినువాడు ఉప్పు లేకున్నను “బాగున్న”దనును. వంట బాగుపడుటకైనను వెల యవసరము.

సభలో నింకొక ప్రశ్న గుసగుసగా వినవచ్చినది. “వండువా రెవరు?” మన దేశమున ఈ ప్రశ్నకు అర్థమొక్కటే. పట్టణములలో బ్రాహ్మణ హోటలని బల్లకట్టిన కాలము పోయినది గాని, బల్ల తీసినంత మాత్రమున మనసులోని యక్షరములు చెరగవు. బడిలో మధ్యాహ్నభోజనము ఎవరు వండిరో విచారించి, పిల్లలకు వేరుగా డబ్బా కట్టి పంపు తల్లిదండ్రులను నేను చూచియున్నాను. ఆ పదునొకరు స్త్రీలలో మాల మాదిగ కులములవారు కలరు, దూదేకులవారు కలరు, బోయలు కలరు, రెడ్ల యింటి వితంతువు నొకతె కలదు. ఒకే పెనముమీద వారందఱి రొట్టెలును పొంగుచున్నవి. సహపంక్తి భోజనములపై నేను చదివిన యుపన్యాసము లన్నిటికంటె ఆ పెనము గొప్ప యుపన్యాసము. వీథిలోని హోటలున వంటవాని కులమడుగక తిని, ఫోనులో తెప్పించుకొని తిని, పొరుగింటి యామె వండినప్పుడు మాత్రము కులము జ్ఞప్తికి తెచ్చుకొను చదువరులారా, మీ శుచిత్వ మెచ్చటనున్నది?

ఇక జరిగిన కథ చెప్పెదను. వాటాలు అనుకొన్నవానిలో సగమే వచ్చినను, శ్రావణమాసమున ఒక అద్దె గదిలో భోజనశాల తెరువబడినది. లెక్క వ్రాయుట నాకప్పగించిరి. మొదటినెల మిగులు కనబడగా వారి సంతోషమునకు మేర లేదు. పుస్తకము తిరుగవేసి చూడగా వారు తమ కూలి వేసికొననేలేదు! ఇంటిలో జీతములేక వండినవారికి బయటను తమ శ్రమకు వెల యున్నదని తోచలేదు. కూలి కలిపిన పిమ్మట చూడగా అది మిగులు కాదు, నష్టము. అప్పుడు వెల సవరించితిమి. మా లెక్కలో నూరు రూపాయల యమ్మకమున గింజ, పప్పు, నూనె, కూరలకు నలువదియైదు, వండువారి కూలికి ముప్పది, గ్యాసు, అద్దె, నీరు, దీపములకు పదునెనిమిది, పాత్రల యరుగుదలకును నిధికిని ఏడు. ఈ ఏడు లేనిదే యే భోజనశాలయు రెండవ యేడు చూడదు.

చిక్కులు మఱికొన్ని కలవు. కొర్రలు పొట్టుతీయుటకు పోయినచో మూటలో కొంత తరుగుపోవును, తీసిన బియ్యమునకు పురుగు త్వరగా పట్టును. సజ్జపిండి నిలువ యుంచిన చేదెక్కును. కావున పదిరోజులకు సరిపడ మాత్రమే పట్టించవలయును. జొన్నపిండిలో వేడినీరు పోసి కలిపి చేతితో తట్టుట నేర్పరులకే సాధ్యము. ఒక చేయి గంటకు తట్టగల రొట్టెలకు మేర యున్నది. ఎక్కువ కావలెనన్న ఎక్కువ చేతులకు కూలి యీయవలయును. ఆహారభద్రతా చట్టము (2006) క్రింద నమోదు పత్రము, మంచినీటి పరీక్ష, తలకు గుడ్డ, ఇవి యాడంబరములు కావు. పేదవాడు తినునది గదా యని శుభ్రత తగ్గించుట పేదవానికి చేయు అవమానము.

వీని యన్నిటికంటె పెద్ద చిక్కు కార్తికమున వచ్చినది. సరకు తెచ్చుటకు రొక్కము లేక పదునెనిమిది దినములు పొయ్యి వెలుగలేదు. అమ్మకము తగ్గెనా యనిన లేదు. సొమ్మంతయు అప్పుపద్దులలో నున్నది. పుస్తకము విప్పి బాకీదారుల పేర్లు చదివితిని. బస్తాలు మోయు హమాలీల పేరొక్కటియు లేదు. ఆసుపత్రికి వచ్చిన పల్లెవారి పేరు లేదు. వారందఱును తినినప్పుడే చెల్లించి పోయిరి. పద్దులలోనున్న పేర్లన్నియు నెలజీతము పుచ్చుకొనువారివి. “ఒకటవ తేదీన ఇచ్చెదను, వ్రాసికొనుము తల్లీ” అన్న మర్యాదస్థులవి. అందులో ఐదవ వరుసలో నా పేరున్నది. మూడువందల నలువది రూపాయలు.

పాఠకులారా, ఇప్పుడు గిరీశమును జ్ఞాపకము తెచ్చుకొనుడు. నూటపాతికేండ్ల నాడు గురజాడవారు చూపిన యా చదువుకొన్న మనిషి పూటకూళ్లమ్మ సొమ్ముతో ఎచ్చటికో పోలేదు. మనలోనే యున్నాడు. సంస్కరణమును గూర్చి వ్యాసము వ్రాయును, స్త్రీల స్వయంకృషిని వేదికమీద ప్రశంసించును, వారి రొట్టె తిని పద్దు వ్రాయించును. పెద్దమనిషిగారి పదివేల యన్నదానమును నేనింతసేపు తెగడితిని. నా మూడువందల నలువది రూపాయల యప్పు దానికంటె నీచమైనది. ఆయన తన సొమ్ముతో పుణ్యము కొనెను. నేను వారి సొమ్ముతో సంస్కర్తనైతిని. ఆ దినముననే బాకీ చెల్లించితిని. తక్కినవారి యిండ్లకును పోయి అడిగితిని. కొందఱు నవ్వి యిచ్చిరి, కొందఱు కోపగించి యిచ్చిరి, ఇద్దఱు నేటివరకు ఈయలేదు. భోజనశాల మరల తెరువబడినది. గోడమీద నిప్పుడు రెండు బల్లలున్నవి. ఒకదానిపై ఆ దినపు కొనుగోలు, అమ్మకము, కూలి అందఱికి కనబడునట్లు వ్రాయబడును. రెండవదానిపై “అప్పు లేదు” అని మాత్రమే యున్నది.

నిజముగా చేతిలో డబ్బు లేని యాకలివాడు వచ్చినచో నేమి చేయుదురని యడుగుదురు. దానికిని దారి యున్నది. తినిపోవువాడు ఇష్టమున్నచో మఱియొక పూటవెల చెల్లించి చీటి నొకదానిని గోడకు గ్రుచ్చి పోవును. లేనివాడు ఆ చీటి తీసి బల్లమీద పెట్టి తినును. ఇచ్చినవాడెవడో తినువానికి తెలియదు, తినినవాడెవడో ఇచ్చినవానికి తెలియదు. పటములు లేవు, ఫ్లెక్సీలు లేవు. వండినదానికి తన కూలి తనకు వచ్చును. దానమునకు ఇంతకంటె మర్యాదయైన రూపమును నేనెఱుగను. మా పెద్దమనిషిగారు ఈ గోడకు పదివేల రూపాయల చీటీలు గ్రుచ్చినచో, మనుమని పుట్టినదినము ఒక పూటతో ముగియక కొన్ని మాసములు సాగును. ఈ మాట ఆయనతో చెప్పితిని. ఆలోచించెదనన్నారు. ఆయన మంచివారు. ఆలోచింతురనియే నా నమ్మకము.

తుదకు మనవి. ఇట్టి భోజనశాలకు దాతలకంటె వాటాదారులు కావలయును. అధ్యక్షులకంటె తినువారు కావలయును. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము క్రింద సంఘమును నమోదు చేయించుకొనిన, ప్రభుత్వపు వాటాధనమును దాని పెత్తనమును లేకుండ, మనిషి కొక్క వోటు చొప్పున సభ్యులే నడపుకొనవచ్చును. వ్యాసములు చదువు గృహస్థులలో వీథికి పదిమంది ఐదువందల వంతున వాటా వేసి, వారమునకు రెండు పూటలు అచ్చట రొక్కమిచ్చి భుజించినచో, ఆ పొయ్యి ఆరదు. రైతు కొర్ర విత్తును. ఒక వితంతువు ఒకరి యెదుట చేయి చాపకుండ బ్రదుకును.

దారిలో నన్ను నిలిపిన యామెకు నేనిప్పుడు సమాధానము చెప్పగలను. అమ్మా, అన్నము నమ్ముట పాపము కాదు. తిని వెల ఈయకపోవుటయే పాపము.